మోకాలు ఉత్త మడతబందు కాదు

ప్రశ్న: మాది విశాఖలో గోపాలపట్నం. ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. వయసు 48, బరువు 70 కిలోలు, ఐదేళ్ళుగా షుగర్ ఉంది. మొన్న కీళ్ళ పాఠం చెబుతూ "మోకాలు మడతబందు కీలు, తలుపులా ఒకే దారిలో కదులుతుంది" అన్నాను. ఒక పిల్లవాడు కుర్చీలో కూర్చుని పాదం అటూ ఇటూ తిప్పి, "ఇదిగో టీచర్, కాలు తిరుగుతోంది కదా" అన్నాడు. జవాబు తోచలేదు. ఇక నా సంగతి. సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప వెనక నొప్పి. బాసింపట్టు వేసుకుని గంట కూర్చుంటే అదే మోకాలు లోపలి వైపు పట్టేస్తుంది. లేస్తుంటే టపటపమంటుంది. మూడు నెలలుగా ఎడమ భుజం బిగుసుకుపోయి జడ వేసుకోలేకపోతున్నాను. గుజ్జు అయిపోయిందని మా ఇంట్లోవాళ్ళు అంటారు, గుజ్జు పెరిగే మాత్రలు వాడమని పక్కింటివాళ్ళు అంటారు. పిల్లలకు కీళ్ళ రకాలు ఎలా చెప్పాలి? నా మోకాలికి, భుజానికి ఏమైనట్టు? వచ్చే ఆషాఢంలో గిరి ప్రదక్షిణ చేయగలనా?

జవాబు: పిల్లవాడు చెప్పిందే నిజం. పాఠంలో ఉన్నది తప్పు కాదు, సగం మాత్రమే. మిగతా సగం తెలిస్తే మీ నొప్పి సంగతి కూడా చాలావరకు తేలిపోతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇంట్లో స్టిక్కర్ బొట్లుంటే రెండు తీసుకోండి. నొప్పి లేని ఎడమ కాలిమీద చూడండి. కుర్చీ అంచున కూర్చుని మోకాలు 90 డిగ్రీలు మడిచి, ఒక బొట్టు చిప్ప మధ్యలో అంటించండి. చిప్ప దిగువకు వేలితో తడుముతూ వస్తే గట్టిగా ఒక ఎముక బుడిపె తగులుతుంది, రెండో బొట్టు దానిమీద. ఇప్పుడు పాదం నేలకు ఆనకుండా కాలు నెమ్మదిగా చాపండి. సగం దూరం వరకు చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. కాలు పూర్తిగా చాపబోయే ముందు, ఆఖరి 20 డిగ్రీల్లో, కింది బొట్టు కాస్త బయటి వైపుకు జరుగుతుంది. చర్మం కూడా జారుతుంది కాబట్టి స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, కంటికి ఆనితే చాలు.

అలా ఎందుకు జరుగుతుందంటే, తొడ ఎముక కింది కొనలో రెండు గుబ్బలుంటాయి. లోపలి గుబ్బ మీద జారే దారి బయటిదాని కంటే కొంచెం పొడవు. బయటి వైపు దారి అయిపోయాక కూడా లోపలి వైపు ఇంకా కొంత మిగిలే ఉంటుంది. దాంతో కింది కాలి ఎముక 5 నుంచి 10 డిగ్రీలు బయటికి తిరిగి, సీసా మూత ఆఖరి చుట్టులో బిగిసినట్టు బిగుస్తుంది. ఈ తాళం పడటం వల్లే దర్శనం క్యూలో గంటసేపు నిలబడ్డా తొడ కండరాలు పెద్దగా అలిసిపోవు. మళ్ళీ కాలు మడవాలంటే ముందు తాళం తీయాలి. ఆ పని మోకాలి వెనక గుంటలో ఉండే పాప్లిటియస్ అనే చిన్న కండరానిది. తాళం తీశాక, మోకాలు 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కింది కాలు లోపలికీ బయటికీ ఇంచుమించు 30 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. మీ శిష్యుడు పట్టుకున్నది దీన్నే. కాలు చాపి అదే పని చేయమనండి, పాదంతో పాటు తొడ మొత్తం తిరుగుతుందే తప్ప మోకాలి దగ్గర ఏమీ తిరగదు.

కాబట్టి మోకాలు మడతబందే, కాకపోతే మడిచినప్పుడు కొంత తిరిగే మడతబందు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయించండి, మార్కు పోగొట్టుకోవడం దేనికి?

పిల్లలకు కీళ్ళ రకాలను పేర్ల పట్టికలా బట్టీ పట్టించడం కంటే ఎముక కొనల ఆకారం నుంచి చెబితే నిలుస్తుంది. ఎముక కొన ఏ ఆకారంలో ఉందో కదలిక అదే. కదలని వాటితో మొదలుపెట్టండి. పుర్రె ఎముకలు రంపపు పళ్ళలా ఒకదానిలో ఒకటి దిగి అతుక్కుని ఉంటాయి. పసిపిల్లల నడినెత్తిన మెత్తగా తగిలే మాడు ఆ అతుకులు ఇంకా కలవని చోటు. చాలామందిలో ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య అది మూసుకుపోతుంది. దవడలో పన్ను దిగబడి ఉన్న చోటును కూడా కీలుగానే లెక్కేస్తారు, పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. ఆ తర్వాత వెన్నుపూసలు. ఒక్కో జత మధ్య కదలిక కొద్దిగానే అయినా, అన్నీ కలిస్తే ముగ్గు వేసేంత వంగుతాం.

స్వేచ్ఛగా కదిలే కీళ్ళలో బొంగరపు కీలుకు మెడ చూపించండి. "అవును" అని తల ఆడించేది పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్య. "కాదు" అని అడ్డంగా తిప్పేది మొదటి, రెండో పూసల మధ్య. రెండోదాని మీద మేకులాంటి ముక్క పొడుచుకు వచ్చి ఉంటుంది, మొదటిది ఉంగరంలా దాని చుట్టూ తిరుగుతుంది. మెడ మొత్తం తిరుగుడులో దాదాపు సగం ఈ ఒక్క చోటే జరుగుతుంది. ఇలాంటిదే ఇంకొకటి మోచేతి దగ్గర ఉంది. గుళ్ళో తీర్థం పట్టడానికి అరచేయి పైకి తిప్పుతాం కదా, అప్పుడు తిరిగేది మణికట్టు అనుకుంటారు. కాదు. ముంజేతిలోని రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది రెండోదాని చుట్టూ దొర్లుతుంది. మోచేతి మడతబందు పక్కనే ఈ బొంగరపు కీలు దాగి ఉంటుంది. ఈ ఎముక తలను ఒక పట్టీ ఉంగరంలా పట్టి ఉంచుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆ పట్టీ వదులుగా ఉంటుంది. బీచ్‌రోడ్డులో అమ్మా నాన్నా చెరో చెయ్యీ పట్టుకుని పిల్లను ఊపుతుంటే పట్టీ జారి మధ్యలో ఇరుక్కుంటుంది. పిల్ల ఏడ్చి, ఆ చెయ్యి కదపడం మానేసి వేలాడేస్తుంది. అక్కడ మీరే లాగి చూడొద్దు. డాక్టరు చేతిలో నిమిషంలో సరిపోయే పని అది. పిల్లల్ని ఎత్తాలంటే చంకల కింద పట్టుకునే ఎత్తమని తల్లులకు చెప్పండి.

బొటనవేలి మొదట్లో ఉన్న కీలు గుర్రపు జీను ఆకారం. పిల్లల బొటనవేలిని అరచేతికి రుమాలుతో కట్టేసి చొక్కా బొత్తాం పెట్టుకోమనండి, ఇక పాఠం చెప్పక్కర్లేదు. కొబ్బరి కోరడం, తడిబట్టలు పిండడం, ఇవన్నీ ఆ జీను మీదే పడతాయి. ఆడవాళ్ళలో నలభై అయిదు దాటాక బొటనవేలి మొదలు అరగడం ఎక్కువగా కనిపించడానికి ఈ బరువు మోత కూడా ఒక కారణం.

ఇక బంతి గిన్నె కీలు, గుంటలో బంతి తిరిగినట్టు తిరిగేది. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ భుజం ఈ జాతిదే. ఒంట్లో ఇలాంటి కీళ్ళు పెద్దవి రెండు జతలు, తుంటి, భుజం. పేరు ఒకటే గానీ పోలిక లేదు. తుంటి రుబ్బురోలులో పొత్రం లాంటిది. గుంట లోతు, బంతి సగానికి పైగా లోపలే ఉంటుంది. రోడ్డు ప్రమాదం లాంటి గట్టి దెబ్బ తగిలితే తప్ప జారదు. భుజం టీ సాసర్‌లో పెట్టిన నారింజ. ఏ క్షణంలో చూసినా బంతిలో మూడో వంతు కూడా గుంటకు ఆని ఉండదు. మరి జారిపోకుండా పట్టుకునేది ఎవరంటే, చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు, వాటిని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళలాంటి టెండన్లు. అందుకే ఒంటి మొత్తంలో పెద్ద కీళ్ళలో ఎక్కువగా జారేది భుజమే, వీపు గోకేదాకా పోయేదీ భుజమే. కదలిక కావాలంటే పట్టు తగ్గాలి, పట్టు కావాలంటే కదలిక తగ్గాలి. రెండూ కలిపి ఇచ్చిన కీలు మన ఒంట్లో లేదు.

మీ ఇంట్లో అందరూ అంటున్న గుజ్జు సంగతి ఇప్పుడు. ఈ ఒక్క మాట కింద మనవాళ్ళు మూడు వేరువేరు వస్తువులను కలిపేస్తారు. మొదటిది మృదులాస్థి. ఎముక కొనలకు తొడుగులా అంటుకుని ఉండే నున్నని పొర. ఒంటి మొత్తంలో ఇది మందంగా ఉండేది మోకాలి చిప్ప వెనక, అక్కడ కూడా 5 మిల్లీమీటర్ల చిల్లరే. రెండోది కీలు ద్రవం. గుడ్డులోని తెల్లసొనలా జిగటగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో చెంచాడు కూడా ఉండదు. మూడోది మెనిస్కస్, రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో పరిచిన రెండు మెత్తలు. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నొప్పి తెలిసే నరాలూ లేవు. దానికి తిండి అందేది స్పాంజిని నొక్కి వదిలినట్టు, బరువు పడి తీసినప్పుడల్లా ద్రవం లోపలికీ బయటికీ పోవడం వల్ల. కీలు కదలకపోతే దానికి ఆకలే. "అరుగుతోంది, నడక మానేయ్" అనే సలహా ఇక్కడే దెబ్బ తింటుంది.

మృదులాస్థిని తిరిగి పెంచుతుందని రుజువైన మాత్ర ఇప్పటివరకు ఏదీ లేదు. గ్లూకోసమైన్ మీద జరిగిన మంచి పరీక్షల్లో ఫలితం అంతంతమాత్రమే. కాల్షియం ఎముకకు సంబంధించినది, ఆ నున్నని పొరకు కాదు. నెలనెలా ఆ డబ్బు పెట్టేకంటే మంచి చెప్పులు కొనుక్కోండి.

టపటప శబ్దానికి భయపడకండి. చాలాసార్లు కీలు విచ్చుకున్నప్పుడు ద్రవంలో వాయువు బుడగ ఏర్పడి వచ్చే చప్పుడు అది. వేళ్ళు ఒకసారి విరిచాక వెంటనే మళ్ళీ విరిస్తే మోగవు, ఇరవై నిమిషాలైనా ఆగాలి. నొప్పి, వాపు లేకుండా మోగే మోకాలికి వైద్యం అక్కర్లేదు. ప్రతి మెట్టుకూ ఇసుక నలిగినట్టు కిరకిరమంటూ నొప్పి కూడా ఉంటే అప్పుడు చూపించాలి.

మెట్లు ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు ఎందుకన్నది అసలు ప్రశ్న. దిగేటప్పుడు కిందికి పెట్టిన కాలిమీద భారం పడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువ కష్టం పై మెట్టు మీద మిగిలిపోయిన కాలిది. అది మడుచుకుంటూ, ఒళ్ళంతటినీ మెల్లగా కిందికి దించాలి. తొడ ముందు కండరం సాగుతూనే బిగబట్టి ఉండాలి, బావిలోకి బిందెను తాడు వదులుతూ దించినట్టు. ఆ బిగింపుకు చిప్ప తొడ ఎముకకు అదుముకుంటుంది, మోకాలు మడిచేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మెట్లు ఎక్కడంలో మోకాలి మీద పడేది ఒంటి బరువుకు 3 రెట్లు, దిగడంలో ఇంకా కొంచెం ఎక్కువ. మీ 70 కిలోల లెక్కన అడుగుకు 200 కిలోల పైమాటే. సింహాచలం మెట్ల దారిలో అలాంటి అడుగులు వెయ్యికి పైగా ఉన్నాయి. మీరు 5 కిలోలు తగ్గితే నేలమీద నడిచే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు 20 కిలోలు తగ్గినట్టు.

ఈ లెక్క తెలిస్తే మెట్లు దిగే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. దిగేటప్పుడు ముందు నొప్పి కాలు, అంటే మీకు కుడికాలు, కింద పెట్టండి. ఒంటిని దించే పని పైనున్న ఎడమకాలు చేస్తుంది. ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు. రెండు పాదాలూ ఒకే మెట్టు మీదకు వచ్చాకే తర్వాతి మెట్టు. చేతికి కటకటా అందితే వదలొద్దు. కొండకైతే ఇంకా సులువైన ఉపాయం ఉంది. మొక్కు మెట్ల దారిదైతే మెట్లెక్కి వెళ్ళండి, దర్శనం అయ్యాక బస్సులో దిగండి. అప్పన్న ఏమీ అనుకోడు.

బాసింపట్టు నొప్పి వేరే జాతి. ఆ కూర్చోవడంలో తొడ బయటికి తిరగాలి, తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి బిగుసుకుని తన వంతు ఇవ్వకపోతే మిగతా తిరుగుడు మోకాలి నుంచి రాబడతాం. మడిచిన మోకాలికి ఆ కొంచెం తిరిగే గుణం ఉందని మీ శిష్యుడు పాదం తిప్పి చూపించాడు కదా, దాన్ని హద్దు దాటించి గంటసేపు ఉంచితే లోపలి వైపు మెనిస్కస్ వెనక భాగం నలుగుతుంది. పరీక్ష ఇలా చేయండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడి మడమను ఎడమ మోకాలికి కొంచెం పైన పెట్టి, కుడి మోకాలిని దాని బరువుకు పక్కకు వాలనివ్వండి. బలవంతం వద్దు. తర్వాత రెండోవైపు. కుడి మోకాలు ఎడమదానికంటే బాగా ఎత్తులో ఆగిపోతే తుంటి బిగిసినట్టు. అప్పుడు గజ్జల్లో నొప్పి వస్తే తుంటి కీలునే చూపించాలి. తుంటిలో రోగం ఉండి నొప్పి మోకాలిలో తెలియడం కొత్త కాదు, రెంటికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి.

పై కీలు చూశాం, కింది కీలు కూడా చూడండి. గోడకు ఎదురుగా నిలబడి కాలి బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. తగలకపోతే చీలమండ ముందుకు వంగడం లేదన్నమాట. ఆ లోటును మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చునేటప్పుడు మోకాలే పూడ్చుకుంటోంది. పైన బాగా తిరిగే తుంటి, కింద బాగా వంగే చీలమండ, మధ్యలో ఉన్న మోకాలు ఆ రెండింటిలో ఎవరు పని ఎగ్గొట్టినా జరిమానా కట్టేది.

నేలమీద కూర్చునే పాఠం చెప్పాలనుంటే పిరుదుల కింద 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకోండి. పీట మీద మడత దుప్పటి చాలు. మోకాళ్ళు తుంటి కంటే కిందుగా ఉంటే తిప్పుడు తగ్గుతుంది. ఇరవై నిమిషాలకోసారి కాళ్ళు చాపండి. లేచేటప్పుడు కూర్చున్న చోటే మెలితిరిగి లేవకుండా, ముందు కాళ్ళు విడదీసి, చేయి ఆన్చి లేవండి.

కండరం పెంచడానికి నాలుగు పనులు చాలు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచానికి అదుముతూ 5 సెకన్లు బిగబట్టడం, 10 సార్లు, రోజుకు మూడు పూటలు. పక్కకు పడుకుని పై కాలును మడవకుండా ఒక అడుగు ఎత్తి దించడం, 10 చొప్పున రెండు విడతలు. ఇది తుంటి పక్క కండరానికి. అది బలహీనమైతే మెట్టు దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది, అద్దం ముందు చూసుకుంటే కనిపిస్తుంది. మూడోది కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి, మూడు లెక్కపెడుతూ కూర్చోవడం, 10 సార్లు. కుర్చీ ఎత్తు తక్కువైతే మెత్త వేయండి. ఈ మూడూ రెండు వారాలు ఇబ్బంది లేకుండా జరిగితే నాలుగోది. 10 సెంటీమీటర్ల ఎత్తు పీట గోడ పక్కన పెట్టి, కుడికాలు దానిమీద ఉంచి, ఎడమ మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా దించి మళ్ళీ పైకి. మెట్ల మీద కుడికాలికి తప్పించిన పనే ఇది. తక్కువ ఎత్తులో, లెక్క ప్రకారం దానికి మళ్ళీ నేర్పుతున్నాం. పీట కదలకూడదు, చేయి గోడకు ఉండాలి. చేసేటప్పుడు పదికి మూడు వంతుల నొప్పి ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికి అది తగ్గకపోతే నిన్న ఎక్కువ చేసినట్టే, సగానికి తగ్గించండి. తేడా తెలియడానికి ఆరు వారాలు పడుతుంది, మెట్లకు భయం పోవడానికి మూడు నెలలు. చాలామంది మూడో వారంలో మానేస్తారు.

మీ భుజం దగ్గరకు వద్దాం. ఎడమ భుజం అన్నారు కాబట్టి ముందు ఒక మాట. చేయి కదిపినా కదపకపోయినా, నడిచినప్పుడు గుండె బరువుతో, చెమటతో, ఆయాసంతో ఎడమ భుజంలోనో చేతిలోనో నొప్పి వస్తే అది కీలు సంగతి కాదు, ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళలో గుండె నొప్పి గుర్తుపట్టలేనట్టు కూడా రావచ్చు.

అలాంటిదేమీ లేకుండా, చేయి కదిపితేనే నొప్పి, జడకు చేయి అందకపోవడం అయితే అద్దం ముందు నిలబడండి. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆన్చి 90 డిగ్రీలు మడిచి, తలుపు రెక్కలు తెరిచినట్టు ముంజేతులు బయటికి తిప్పండి. కుడిది 60 డిగ్రీలకు పైగా తెరుచుకుని ఎడమది 20, 30 దగ్గరే ఆగిపోయిందా? ఇంకొకరిని పట్టుకుని మెల్లగా తిప్పమనండి. వాళ్ళు తిప్పినా అక్కడే ఆగితే కీలు చుట్టూ ఉన్న సంచి ముడుచుకుపోయిందని అర్థం. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటున్నారు. మీ అంతట మీరు ఎత్తలేక, వాళ్ళు ఎత్తితే మాత్రం సులువుగా లేస్తే అనుమానం టెండన్ తెగడం మీదకు పోతుంది. ఆ రెండింటికీ వైద్యం వేరు, కాబట్టి ఈ తేడా డాక్టరుకు చెప్పండి. చేయి పూర్తిగా పైకెత్తడం 180 డిగ్రీలనుకుంటే అందులో 120 బంతి గిన్నెది, 60 వీపు మీద జారే రెక్క ఎముకది. బంతి బిగుసుకున్నప్పుడు మనిషి రెక్క ఎముకతో నెట్టుకొస్తాడు, భుజం చెవిదాకా ఎగరేస్తాడు. మెడ పక్కన కూడా నొప్పి పుట్టడం ఆ అదనపు చాకిరీ వల్లే.

నలభై అరవై మధ్య ఆడవాళ్ళలో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. ఎక్స్‌రేలో సాధారణంగా ఏమీ కనిపించదు, ఏమీ లేదన్నారని ఊరుకోవద్దు. మొదట నొప్పి రాజ్యం చేసే నెలలు, తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగిలే నెలలు, ఆపైన మెల్లగా సడలే కాలం. వదిలేస్తే మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు. నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి దశలో ఎవరిచేతా బలవంతంగా లాగించుకోవద్దు, సంచి ఇంకా వాచి బిగుస్తుంది. కుడిచేయి బల్లకు ఆన్చి ముందుకు వంగి, ఎడమచేయి లోలకంలా వేలాడేసి, పళ్ళెమంత సున్నాలు 10 ఇటు, 10 అటు తిప్పండి. తర్వాత మోచేతికీ పక్కటెముకకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, గొడుగు కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, కుడిచేత్తో ఎడమచేతిని బయటికి మెల్లగా నెట్టండి. 5 సెకన్లు ఆగి వదలండి, 10 సార్లు. గోడమీద వేళ్ళతో పాకుతూ పైకి వెళ్ళి, ఆగిన చోట పెన్సిలు గీత పెట్టుకోండి. వారానికోసారి గీత పెడితే చాలు, రోజూ చూసుకుంటే నిరాశే. రాత్రి ఎడమ వైపు పడుకోకుండా, ఆ చేతి కింద దిండు పెట్టుకోండి. వేడి కాపడం మంచిదే, కానీ షుగర్‌తో చర్మం మొద్దుబారిందేమో చూసుకుని పెట్టండి, తెలియకుండా బొబ్బలెక్కుతాయి. డాక్టరు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చెబితే తొలి నెలల్లో మేలే చేస్తుంది. తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పి రోజూ పరీక్ష చేసుకోండి.

మోకాలిని కూడా ఒకసారి చూపించండి. ఎక్స్‌రే రాస్తే నిలబడి తీయించమని అడగండి. పడుకోబెట్టి తీసిన దాంట్లో ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించి మోసం చేస్తుంది. మొదటే ఎంఆర్ఐకి పరుగెత్తక్కర్లేదు. కానీ మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపుకోలేకపోయినా, నడుస్తుండగా ఒక్కసారిగా వదిలేసినా, ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపి అదే రోజు వెళ్ళాలి.

గిరి ప్రదక్షిణ చేయొచ్చు. 32 కిలోమీటర్లు, మీ అడుగుకు 45 వేల నుంచి 50 వేల అడుగులు. చాలావరకు రోడ్డే, మీ మోకాలికి పగ మెట్లతో గానీ రోడ్డుతో కాదు. ఇబ్బంది అంతా ఏడాదంతా కూర్చుని ఒక్క రాత్రిలో అంత దూరం నడవడంలో ఉంది. ఇప్పుడు నొప్పి లేకుండా ఎంత నడవగలరో, 2 కిలోమీటర్లే కానివ్వండి, వారానికి నాలుగు రోజులు అదే నడవండి. ఆ తర్వాత వారం వారం పదో వంతు చొప్పున పెంచుకుంటూ పోండి. ఆషాఢానికి నెల ముందు ఒకసారి 15, ఇంకోసారి 20 కిలోమీటర్లు అయినా నడిచి ఉండాలి. కొండ దిగువన తొలి మెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి చెప్పులు వదిలేసి బయల్దేరేవాళ్ళు చాలామంది ఉంటారు. షుగర్ ఉన్న పాదానికి ఆ పని వద్దు, తారురోడ్డు మీద గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. నెల రోజులు వాడి మెత్తబడిన బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోండి, కొత్తవి ఆరోజే తీయొద్దు. హనుమంతవాక దాటాక, వెంకోజీపాలెంలో, మాధవధారలో ఆగి మేజోళ్ళు విప్పి పాదాలు చూసుకోండి. షుగర్ మాత్రల వేళలు, దారిలో ఇచ్చే పులిహోర, మజ్జిగల లెక్క మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. మాధవధార దాటేసరికి మోకాలు వాచినట్టు అనిపిస్తే అక్కడి నుంచి మీ ఇంటికి ఆటో దూరమే.